పద్దుకెక్కని బంతి

డేవిడ్ హారిస్! నీవు పోయి రెండు వందల ఏళ్లు దాటింది. ఇంత ఆలస్యంగా వచ్చి శోకాలు పెట్టడం మర్యాద కాదేమో. కానీ నీకు జరిగిన అన్యాయం చావుతో మొదలుకాలేదు, చావుతో తీరనూ లేదు. నీవు బతికి, బంతి పట్టి, హాంప్‌షైర్ గుట్టల మీద దొరలనూ రైతులనూ ఒకే తీరున గడగడలాడించిన రోజుల్లోనే నీ కష్టం మరొకరి పేరున జమ అవుతూ వచ్చింది. నీ బంతి నేలను తాకీ తాకకుండా లేచి, బ్యాటు అంచును ఒరుసుకుని, గాలిలో తేలి, ఎవరి దోసిట్లోనో వాలేది. రాసేవాడు ఆ దోసిలి ఎవరిదో చూసి రాసుకునేవాడు. ఆ బంతిని పంపిన చెయ్యి ఎవరిదని అడిగేవాడు కాదు.

ఎవరూ పగబట్టి చేసింది కాదిది. ఆనాటి లెక్కల తీరే అంత. 18వ శతాబ్దపు స్కోరు చీటీల్లో వికెట్ నేలకూలితేనే బౌలర్ పేరు ఎక్కేది. క్యాచ్ అయితే పట్టినవాడి పేరొక్కటే. వేసినవాడికీ అందులో వాటా ఉందన్న ఎరుక కలిగి, ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసే ఆనవాయితీ 1830ల నడుమ గాని కుదుటపడలేదు. అప్పటికి నీవు మట్టిలో కలిసి ముప్పై ఏళ్లు.

మట్టి నీకు కొత్తదా? నీవు కుమ్మరివి.

1755లో ఎల్వెథమ్‌లో పుట్టావంటారు. నిన్ను కళ్లారా చూసి నీ గురించి రాసిన జాన్ నైరెన్ మాత్రం ఒడిహామ్ అనుకున్నాడు. రెండూ హాంప్‌షైర్ ఉత్తరపు అంచున ఒకదానికొకటి దగ్గరి ఊళ్లే. 5 అడుగుల 9½ అంగుళాల మనిషివి. ఎముక బలం ఉన్న దేహం. అందగాడివేమీ కాదు. కానీ నీ ముఖంలో దయ ఉండేదట, మెత్తదనం ఉండేదట. చూసినవాళ్లకు అందం లేదన్న సంగతే గుర్తొచ్చేది కాదట. సారె ముందు కూర్చున్నవాడి చేతులకు ఒక విద్య అబ్బుతుంది. ఎంత ఒత్తితే అంచు లేస్తుందో, ఎంత ఒత్తితే కుండ కూలుతుందో వేళ్లకే తెలుస్తుంది, తలకు తెలియదు. ఆ తిరిగే ముద్దను నిలబెట్టిన వేళ్లే ఈ తోలుబంతిని తిప్పాయని నాకు అనుకోవాలని ఉంది. ఇది చరిత్ర కాదు, నా ఆశ.

హాంబుల్డన్ అనే పల్లె జట్టులోకి వచ్చిన కొత్తల్లో, 1782 ప్రాంతంలో, నీవు పచ్చి పల్లెటూరివాడివి. చెయ్యి మాత్రం రాజసం. ఆ రాజసానికి ఒక జబ్బు: ఫుల్‌టాస్‌లు పడేవి. నేల తాకకుండా నేరుగా బ్యాటు మీదికి పోయే బంతి బ్యాటర్‌కు పండగ. జట్టు పెద్ద రిచర్డ్ నైరెన్, జాన్ తండ్రి, జట్టు ఆడిన బ్రాడ్‌హాఫ్‌పెన్నీ గుట్ట ఎదుటి ‘బ్యాట్ అండ్ బాల్’ సత్రాన్ని నడిపిన మనిషి, నిన్ను చూసి తల గోక్కునేవాడట: ఈ ఒక్క దోషం పోతే ఇంగ్లండులోనే ఇంతటి బౌలర్ ఉండడు గదా అని. దోషం పోయింది. పెద్దల మాట విన్నావు. చలికాలం గుట్టల మీద మంచు కూర్చున్నప్పుడు ధాన్యపు కొట్టాల్లో బంతి వేసుకున్నావని చెప్పుకునేవారు. నూర్పిడి కర్రల చప్పుడు ఉండాల్సిన చోట బంతి చప్పుడు. ఎవరూ చప్పట్లు కొట్టని ఆ చీకటి కొట్టంలో, గడ్డిపరకల వాసనలో, ఒక మనిషి ఒకే చోట, మళ్లీ అదే చోట, మళ్లీ మళ్లీ అదే చోట బంతిని దించడం నేర్చుకున్నాడు. క్రికెట్‌లో లెంగ్త్ అంటున్నది ఆ చోటునే. ముందుకు వస్తే అందదు, వెనక్కి పోతే ఆగదు. బ్యాటర్ మనసు రెండుగా చీలే జానెడు నేల అది.

నీకు ముందరి రోజుల్లో బంతి ఎక్కువగా నేలబారున దొర్లుకుంటూ వచ్చేది. అందుకే బ్యాట్లు కొసన వంపు తిరిగి ఉండేవి, దొర్లే బంతిని ఊడ్చి కొట్టడానికి. బంతి గాలిలో లేచి, లెంగ్త్ మీద పడి, పైకి ఎగరడం మొదలయ్యాక ఆ వంపు పనికిరాలేదు. బ్యాటు నిటారైంది. ఆట తీరూ మారింది. ఆ మార్పు నీ ఒక్కడిదే అనను. నీ తరానిదీ, నీ ముందు తరానిదీ. కానీ దాన్ని కొనదాకా తీసుకెళ్లినవాడివి నీవే.

ఆ చెయ్యి ఎలా కదిలేదో రాసిపెట్టినవాడు ఒక్కడు ఉన్నాడు గనుక బతికిపోయాం. ముందు నీవు కవాతులో సిపాయిలా నిటారుగా నిలబడేవాడివి. ఆపైన చెయ్యి ఒక సొగసైన వంపుతో లేచేది. బంతి నుదుటి దాకా వచ్చేది. దేవుడికి దండం పెట్టేవాడి తీరు నాకు కనిపిస్తుంది అక్కడ; నైరెన్‌కు మాత్రం గ్రీకు శిల్పి ఫిడియాస్ కనిపించాడు, ఆ శిల్పి నిన్నే నమూనాగా పెట్టుకునేవాడన్నాడు. కుడి పాదం వెనక్కి తీసి, ఎడమ పాదంతో పరుగు మొదలుపెట్టేవాడివి. ఆ ముఖంలో కంగారు లేదు, కోపం లేదు. ఆ వరుస ఏనాడూ తప్పలేదు. అప్పటి ఆనవాయితీ ప్రకారం చెయ్యి కిందనుంచే రావాలి. పైనుంచి విసరడం అధర్మం. మిగతావాళ్లు నడుము వంచి బంతిని నేలకు అప్పజెప్పేవారు. నీవు వంగలేదు. చంక దాకా ఎత్తిన బంతిని ఒక మెలితో ముందుకు నెట్టేవాడివి, అంతే. ఆ నెట్టుడులోంచి అంత వేగం ఎలా పుట్టేదో తనకు ఎన్నడూ అంతుబట్టలేదని దగ్గరుండి చూసినవాడే ఒప్పుకున్నాడు. మరి దూరం నుంచి వింటున్న నాకేం అంతుబడుతుంది?

బంతి నేలకు అప్పు పడేది కాదు. అలా తాకింది, ఇలా లేచింది. లేస్తూ ఒక మెలి తిరిగేది. కాళ్లకు ప్యాడ్లు లేని రోజులు, చేతులకు గ్లవుజులు లేని రోజులు. అడ్డు పెట్టడానికి ముందుకు రాని బ్యాటర్ వేళ్లు బ్యాటు పిడికీ బంతికీ నడుమ నలిగి రక్తం చిమ్మేవి. మెత్తని ముఖం గల కుమ్మరీ, ఎన్ని వేళ్లు చితికాయి నీ చేతిలో! ఒక్క టామ్ వాకర్‌కే రక్తం రాలేదట. వాడి ఒంట్లో రక్తమే లేదని నైరెన్ ఎగతాళి. హైండ్‌హెడ్ వైపు నుంచి వచ్చిన ఆ వాకర్ ఎండిన మానులాంటివాడు, కదిలేవాడు కాదు, కంగారుపడేవాడు కాదు. ఒకసారి అతడికి నీవు వరసగా 170 బంతులు వేస్తే వచ్చింది ఒకే ఒక్క పరుగని చెబుతారు. ఆ 170 బంతుల్లో ఎవరు గెలిచినట్టు? నాకు తెలిసి ఇద్దరూ. చూస్తూ కూర్చున్నవాళ్లలో కునికినవాళ్లూ ఉండి ఉంటారు, అది వాళ్ల ఖర్మ.

ఇక నేల సంగతి చెప్పాలి, నా దుఃఖానికి వేరు అక్కడే ఉంది.

1774 నియమాల ప్రకారం పిచ్ ఎక్కడ వెయ్యాలో ఎంచుకునే హక్కు పరాయి ఊరినుంచి వచ్చిన జట్టుది. తెల్లవారు జామున మంచు ఆరకముందే బౌలర్లు మైదానం మీద తిరిగేవారు, పశువుల సంతలో బేరగాళ్లలాగా నేలను పాదంతో నొక్కి, కంటితో కొలిచి. ఆ రోజుల్లో నీకు సాటిరాగల మరొక్కడు ఎడ్వర్డ్ స్టీవెన్స్. లోకం లంపీ అని పిలిచింది. వాల్టన్‌లో టాంకర్‌విల్ ప్రభువు తోటమాలి. లెంగ్త్ తప్పని బంతులు వరసగా వెయ్యడంలో లంపీకి సాటి లేదు. 1775లో లండన్ ఆర్టిలరీ గ్రౌండ్‌లో ఐదుగురేసి ఆడిన పోటీలో అతడి బంతి హాంబుల్డన్ బ్యాటర్ జాన్ స్మాల్ వెనక రెండు స్టంపుల నడుమనుంచి మూడుసార్లు దూరిపోయింది. అప్పటికి స్టంపులు రెండే. బెయిల్ కదలలేదు గనుక స్మాల్ బతికి, మిగిలిన 14 పరుగులూ తీసి గెలిపించాడు. ఈ ఘోరం చూశాకే మధ్యలో మూడో స్టంపు నాటాలన్న ఆలోచన పుట్టింది. చూడు, లంపీకి అన్యాయం జరిగితే ఆట నియమాలే కదిలాయి. ఆ అన్యాయం కళ్లకు కనపడేది మరి. బంతి సందులోంచి దూరడం గడ్డి మీద కూర్చున్న ప్రతివాడూ చూశాడు.

లంపీ నేల ఎంచుకుంటే చిన్న మిట్ట కొసన ఎంచేవాడు. బంతి ఆ కొసను దాటి కిందికి జారి, పాములా నేలను కరుచుకుని వికెట్‌ను కొట్టాలి. అలా కొట్టినప్పుడు తన జట్టు వైపు తిరిగి ముసిముసిగా నవ్వేవాడట ఆ ముసలాయన. ఆ నవ్వు కోసం ఆట గెలిచే తక్కిన దారులు వదులుకోవడానికైనా సిద్ధం. నీవలా కాదు. నీవు ఎత్తుకు ఎదురుగా ఉన్న నేల ఎంచేవాడివి, బంతి ఆ ఎత్తుకు తగిలి పైకి ఎగరాలని. పైగా అవతలి కొసనుంచి బంతి వేసే తోటివాడికి కూడా ఆ నేల అనుకూలిస్తుందా అని చూసేవాడివి. లంపీకి తన బంతి ఒక్కటే లెక్క. నీకు రెండు కొసలూ లెక్కే.

ఇందులో ఉన్న విషాదం నీకు తట్టిందా హారిస్? జారిన బంతి వికెట్‌ను కొడుతుంది. చీటీలో లంపీ పేరు. లేచిన బంతి బ్యాటు అంచును తాకి చేతుల్లో పడుతుంది. చీటీలో ఇంకెవరి పేరో. లంపీ ఎంచిన నేల లంపీ పేరు నిలబెట్టింది. నీవు ఎంచిన నేల నీ పేరు మింగింది. నీ విద్య ఎంత ముదిరితే నీ పద్దు అంత తరిగింది. నీ గొప్ప బంతుల్లో బ్యాటును తాకనివే నీ ఖాతాలో మిగిలాయి. తాకినవి, తాకేలా చేసినవి, తాకక తప్పని చోటికి ఈడ్చినవి, నీ అసలు పనితనమంతా, పరాయి దోసిళ్ల పాలైంది. అయినా ప్రతి పొద్దునా నీవు మళ్లీ ఆ ఎత్తు నేలనే వెతికావు.

నీ బంతి దెబ్బకు బ్యాటింగ్ తన నడకే మార్చుకుంది. క్రీజులో పాతుకుపోయి నిలబడ్డవాడికి నీ ముందు దిక్కులేదు. ముందుకు అడుగేసి, బంతి లేవకముందే దాని నెత్తిన బ్యాటు పెట్టాలి. విలియం ఫెనెక్స్ ఆ విద్యను తానే తొలుత మొదలుపెట్టానని చెప్పుకునేవాడు. అతడి ఆట చూసి కన్నతండ్రే ఇదేం ఆటరా అని నోరు వెళ్లబెట్టాడట. ఫార్న్‌హామ్‌లో అల్లం రొట్టెలు చేసే హ్యారీ హాల్ దగ్గర ఎడమ మోచెయ్యి ఎత్తి ఆడటం నేర్చిన బిల్లీ బెల్డమ్, ఆ వెండిజుట్టు రైతు, నీ ఎదుట నిలబడి ఆడుతుంటే అంతకు మించిన చూడముచ్చట లేదని నైరెన్ మురిసిపోయాడు. లార్డ్ ఫ్రెడరిక్ బోక్లర్క్ ఉన్నాడే, పేరుకు మతబోధకుడు, పనికి పందెంరాయుడు, ఎదుటివాడిని అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. ఆయన కూడా నీ బౌలింగ్ తాను చూసిన మహా వైభవాల్లో ఒకటని ఒప్పుకున్నాడు. సాక్ష్యాలకు కొదవలేదు. సంఖ్యలకే కొదవ.

మీ జట్టు గురించి కూడా రెండు కన్నీటి బొట్లు. చెప్పులు కుట్టడంతో బతుకు మొదలుపెట్టి ఫిడేలు వాయించిన జాన్ స్మాల్, వడ్రంగి పని చేసి పాటలు పాడిన టామ్ స్యూటర్, ఆట కోసం నార్త్‌చాపెల్ నుంచి గుర్రం మీద 20 మైళ్లు వచ్చే నోవా మాన్. ఆ మాన్ 1789లో ఒక రాత్రి పొయ్యి పక్కన కుర్చీలో నిద్రపోయి, నిప్పు అంటుకుని, ఆ కాలిన గాయాలతోనే పోయాడు. గుట్ట మీది గాలి మాత్రం ఎవరు పోయినా ఆగలేదు. ఆట బ్రాడ్‌హాఫ్‌పెన్నీ నుంచి విండ్‌మిల్ గుట్టకు దిగింది. 1787లో థామస్ లార్డ్ లండన్‌లో మైదానం తెరిచాడు, అదే ఏడు మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ (ఎంసీసీ) పుట్టింది, గినీల సంచులతో దొరలు అటు మళ్లారు. హాంబుల్డన్ సభల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి. 1796లో ఒక సమావేశపు పుస్తకంలో హాజరైనవారి జాబితాలో ‘మానవ హక్కులు’ రాసిన థామస్ పెయిన్ పేరు కనిపిస్తుంది. ఆయన అప్పుడు ఫ్రాన్సులో ఉన్నాడు. మనుషులు రాని సభలో పుస్తకం నింపే గుమాస్తాకు మిగిలింది ఆ వేళాకోళమే. చూశావా హారిస్, రాని మనిషి పేరు రాయడానికి అక్కడ సిరా ఉంది.

క్లబ్బు సన్నగిల్లుతున్న ఆ ఏళ్లలోనే నీ కాళ్లకూ కీడు మూడింది. గౌట్. ఆనాటి ఇంగ్లండు దాన్ని దొరల జబ్బనేది, తిండీ ద్రాక్షసారా ఎక్కువైతే వచ్చేదని. దొరల భోగం కుమ్మరికి దక్కలేదు. దొరల రోగం దక్కింది. కీళ్లలో గాజుపెంకులు రుద్దుకున్నట్టుండే ఆ నొప్పి, దుప్పటి బరువునే ఓర్చుకోనివ్వని ఆ నొప్పి, పరుగెత్తి బంతి వేసేవాడి పాదాల్లో వచ్చి కూర్చుంది. మరొకడైతే ఇంటి దగ్గర పడుకునేవాడు. నీవు ఊతకర్రల మీద మైదానానికి నడిచావు.

అప్పుడు వాళ్లు నీ కోసం చేతులున్న పెద్ద కుర్చీ ఒకటి మైదానంలోకి తెచ్చారు.

ఈ ఒక్క దృశ్యం కోసమే నేను నీ కథ వెంట పడ్డానేమో. పచ్చిక నడుమ ఇంటి సామాను. చుట్టూ తెల్ల దుస్తుల మనుషులు. నీవు లేస్తావు. నిటారుగా నిలబడతావు, అదే సిపాయిలా. బంతి నుదుటి దాకా పోతుంది. పాదం నేలకు ఆనగానే లోపల ఏం భగ్గుమందో ముఖం చెప్పదు. చెయ్యి మెలి తిరుగుతుంది, బంతి వెళుతుంది, లెంగ్త్ మీద పడుతుంది, లేస్తుంది. అటు బ్యాటర్ ఇంకా బంతి సంగతి తేల్చుకోకముందే నీవు వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంటావు. ఆనాటి ఓవర్‌కు బంతులు నాలుగు. నాలుగుసార్లు లేవడం, నాలుగుసార్లు కూర్చోవడం. బంతి వేసిన ప్రతిసారీ నీవు కూర్చునే తీరులో గొప్ప ప్రశాంతత ఉండేదని నైరెన్ రాశాడు. జాలి పడి కుర్చీ వేస్తే అది రోగి కుర్చీ. ఇక్కడ ఎదుటి జట్టు కూడా చూస్తూ ఊరుకుందంటే, వాళ్ల వేళ్లు చితక్కొట్టిన మనిషికి వాళ్లే ఆసనం ఒప్పుకున్నారంటే, దాన్ని సింహాసనమనే అంటాను. అంత నొప్పిలోనూ నిన్ను పిలవకుండా జట్టు దిగేది కాదు. కుంటివాడి బంతి కూడా మిగతావాళ్ల బంతికంటే మేలని వాళ్లకు తెలుసు. వాళ్ల లెక్కల పుస్తకానికి తెలియదు.

1798 తర్వాత పెద్ద ఆటల్లో నీవు కనిపించవు. 1803లో క్రూకమ్‌లో కన్నుమూశావు. యాభై నిండలేదు.

ముప్పై ఏళ్లకు, 1833లో, ముసలివాడైన జాన్ నైరెన్ జ్ఞాపకాలను కవి కీట్స్ స్నేహితుడు చార్ల్స్ కౌడెన్ క్లార్క్ పుస్తకంగా కూర్చాడు. సత్రం నడిపిన తండ్రి కొడుకు, చిన్ననాడు ఆ గుట్ట మీద చూసినదంతా అందులో ధారపోశాడు. అప్పటికే బౌలర్ చెయ్యి కిందనుంచి భుజం వైపు లేస్తోంది. నైరెన్‌కు అది బౌలింగ్ కాదు, విసురుడు. అంతకు చాలా ముందే టామ్ వాకర్ అలాంటిదేదో ప్రయత్నిస్తే హాంబుల్డన్ పెద్దలు కూర్చుని వద్దన్నారు. కాలం పెద్దల మాట వినదు. భుజం ఎత్తు దాకా చెయ్యి లేవడానికి 1835లో అనుమతి వచ్చింది, 1864లో తల మీదుగా వెయ్యడానికి. చంక కింది ఆ మెలి, నుదుటికి ఎత్తిన ఆ వంపు, నేర్పేవాడు లేక, నేర్చేవాడు లేక, ఒక మనిషితో పాటే సమాధిలోకి దిగాయి. బెల్డమ్ మాత్రం 1862 దాకా బతికాడు. ఊళ్లోకి వచ్చి అడిగినవాళ్లకల్లా నీ గురించి చెప్పాడు. నీ బంతిని ఎదుర్కొన్న ఆ చేతులూ పోయాక ఇక మాటలే మిగిలాయి.

ఇప్పుడు పద్దు సరిచేద్దామన్నా కుదరదు. పాత చీటీలు ఉన్నాయి, పరుగులు ఉన్నాయి, పట్టినవాళ్ల పేర్లు ఉన్నాయి. ఒక్కో క్యాచ్ దగ్గర ఆగి ఇది ఎవరి బంతికి వచ్చిందని అడిగితే జవాబు లేదు. ఆ కొసనుంచి నీవు, ఈ కొసనుంచి మరొకడు. సగం నీవే అని పంచుదామా అంటే లెక్కల పండితులు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను, సగానికి మించే నీవై ఉంటాయి గనుక. నిన్నే పిలిచి అడిగితే మాత్రం ఏం లాభం? ఆ రోజు అవతలి కొసనుంచి వేసినవాడు కూడా మంచి బంతులే వేశాడని, నేల అతడికీ సరిపోయేలా చూసే ఎంచామని చెప్పి కుర్చీలో కూర్చుంటావు.